సత్తెమ్మ గారి పుట్టింటికి తలంటు

నూరేళ్లు పైబడిన ఇల్లు అది. వానలకు కూలలేదు, చెదలకు లొంగలేదు, అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలు కాలేదు. (ఆ ఇంట్లో అన్నదమ్ములే లేరు లెండి, ఆ సంగతికి వస్తాను.) అంతటి ఇంటిని ఒక్క వారంలో, ఒక బస్తా కుంకుడుకాయలతో, చిరునవ్వు చెదరకుండా నాశనం చేసిన ఘనత నాది. ఆ ఘోరమే ఇప్పుడు చెప్పబోతున్నాను. మీలో మ్యూజియాల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, పక్కన మంచినీళ్లు పెట్టుకుని చదవండి.

అప్పటికి నేను పాత వస్తువుల్ని కాపాడే చదువు చదివి, తుర్కయంజాల్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు మ్యూజియంలో కొత్తగా చేరాను. మాది తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. మా నాన్న కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతారు. చుట్టాలు అడిగితే ఆయన కాస్త నసిగి, "అమ్మాయి పాత సామాన్ల దగ్గర పనిచేస్తుంది" అనేవారు. ఒక పిన్ని అయితే వాళ్లింట్లో చెడిపోయిన కూలర్ ఎప్పుడు తీసుకుపోతావని నాకు ఫోన్ చేసి మరీ అడిగింది.

మా మ్యూజియంలో వస్తువులతో పాటు ఇళ్లను కూడా పెట్టాలని మా సార్ కోరిక. ఇళ్లంటే బొమ్మ ఇళ్లు కాదు. కూల్చేయబోతున్న పాత ఇంటిని అక్కడ విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టడం. అలా మా కంటపడింది సత్తెమ్మ గారి ఇల్లు. నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో, రోడ్డు వెడల్పులో పోబోతూ ఉంది. మోకాలెత్తు రాతి పునాది, దాని మీద అంతా టేకే. స్తంభాలు, దూలాలు, అటక సరే, గోడలు కూడా ఒకదాని మీద ఒకటి పేర్చిన టేకు దుంగలు. సత్తెమ్మ గారి తాత బండ్ల మీద అడవి నుంచి కర్ర తెచ్చి కట్టించాడట. అలాంటి ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

సత్తెమ్మ గారు ఒక్కతే కూతురు. ఆమె భర్తే ఇల్లరికం వచ్చాడు. అంటే ఆమె పుట్టిందీ, పెళ్లి చేసుకున్నదీ, పిల్లల్ని కన్నదీ ఆ ఇంట్లోనే. తర్వాత కొడుకు యాదగిరి లారీలు కొని ఎల్‌బీ నగర్ చేరాడు, ఆమె కూడా అతనితో వచ్చేశారు. యాదగిరి అప్పుడు పెద్ద అంబర్‌పేట్‌లో సొంతిల్లు కట్టుకుంటున్నాడు. ఊళ్లోని టేకుతో దర్వాజాలు, పూజ గది చేయించుకోవాలని అతని ఆశ. న్యాయమైన ఆశే. ఆ కర్ర అడగడానికి నేను వెళ్లాను.

సత్తెమ్మ గారు మంచం మీద కూర్చుని నేను చెప్పినదంతా విన్నారు. ఊళ్లో ఇల్లు ఎలాగూ ఉండదు, కొడుకింట్లో తలుపులవడం కంటే మ్యూజియంలో ఇల్లుగా ఉండటం మేలు కదా అన్నాను. ఆమె ఒక్కటే అడిగారు.

"ఇప్పి తీస్కపోతరు, మంచిదే. మల్ల నిలవెడ్తరా?"

"అచ్చం అలాగే నిలబెడతాం పెద్దమ్మా. ఒక్క మేకు కూడా మారదు" అన్నాను. ఆ ఇంట్లో మేకులే లేవని, అంతా చెక్క శీలలతో బిగించారని నాకు తర్వాత తెలిసింది.

"అయితే నేనొచ్చి చూస్త. లోపట కూసుంటే నా ఇల్లే అని నాకు అనిపియ్యాలె. అనిపియ్యకుంటే కర్ర మా యాదగిరికే ఇస్త. గంతే" అన్నారు.

యాదగిరి ఛాయ్ తాగుతూ మెల్లగా అందుకున్నాడు. "లారీ మనదే మేడం. ఎప్పుడంటే అప్పుడొస్తది."

కొడుకు మాట కాదని ఆమె నన్ను నమ్మారు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను మర్చిపోయాను.

ఇల్లు విప్పడంలో ఏ తప్పూ జరగలేదు. ప్రతి దుంగకూ రంగుతో గుర్తు వేశాం. వడ్రంగి బ్రహ్మయ్య తన మనుషులతో వచ్చి, ఇంటిని ఒక్క చెక్కు కూడా ఊడకుండా విప్పాడు. తేవడంలో మాత్రం చిన్న గొడవ. సామాను ఎక్కించింది యాదగిరి లారీలోనే. పెద్ద అంబర్‌పేట్ దగ్గర రింగు రోడ్డెక్కి తుర్కయంజాల్ రావాల్సిన డ్రైవరు, అలవాటు కొద్దీ నేరుగా ఎల్‌బీ నగర్ వచ్చి ఓనర్ ఇంటి ముందు హారన్ కొట్టాడు. సందు నిండిపోయింది. వెనక ఆటోలు, స్కూలు బస్సు, వాళ్ల తిట్లు. ఆ స్తంభాలు చూసి ఏ పెళ్లి మంటపం అని అడిగినవాళ్లు కొందరు. సత్తెమ్మ గారు కిందికి దిగి వచ్చి, లారీలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక దూలాన్ని ముట్టుకుని ఆ చెయ్యి కళ్లకద్దుకున్నారు. వెనక ఆటోవాళ్లు కూడా ఇంజిన్లు ఆపేశారు.

నిలబెట్టడంలోనూ తప్పు లేదు. కొన్ని వారాలకు తుర్కయంజాల్‌లో ఆ ఇల్లు లేచి నిలబడింది. నా ప్రతాపమంతా ఆ తర్వాతే.

సత్తెమ్మ గారు ఆదివారం చూడటానికి వస్తామన్నారు. మా సార్ ఆ వారమంతా ఢిల్లీలో ఏదో సమావేశానికి వెళుతూ, ఇంట్లో ఏదీ ముట్టుకోవద్దని, కాస్త దుమ్ము మాత్రం దులిపించమని నాకు చెప్పారు. ఆయన ఆ రెండో ముక్క చెప్పకుండా ఉండాల్సింది. మా ఇంట్లో దులపడం అన్నది దులపడంతో ఆగిన చరిత్ర లేదు. మా అమ్మ చేత్తో బూజుకర్ర పట్టిందంటే అది సున్నం బక్కెటు దాకా వెళ్లి గానీ ఆగదు. ఎవరైనా వస్తున్నారంటే ఇత్తడి బిందెలు చింతపండుతో తోమాల్సిందే, వచ్చేది కరెంటు బిల్లు ఇచ్చే మనిషైనా సరే. నేను పెరిగింది ఆ బడిలో.

ఖర్మ కాలి సరిగ్గా ఆ సోమవారమే మా అమ్మ, కూతురు చేసే ఉద్యోగం ఏమిటో ఒకసారి చూడాలని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని మెట్రో దిగి, ఆటో ఎక్కి మ్యూజియానికి వచ్చింది. ఇల్లంతా తిరిగింది. వంటింటి దూలం మీద వేలు పెట్టి రాసింది. వేలు నల్లగా అయింది. గడప వంగి చూసింది. తరాల పసుపు అట్టలు కట్టి ఉంది. మా అమ్మ మొహంలో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక వెలుగు కనిపించింది. ఆ వెలుగు చూస్తే మా ఇంట్లో నాన్న చొక్కా వేసుకుని బజారుకు వెళ్లిపోతారు.

"ఏమే, పెద్దావిడ పుట్టింటికి వస్తోందంటున్నావు. ఈ మసి మొహంతోనా ఎదురెళ్లేది?" అంది.

నేను చదువుకున్నదానిలాగే జవాబు చెప్పాను. అది మురికి కాదు, ఆ ఇంటి వయసు, కాలం మిగిల్చిన గుర్తు అన్నాను.

"కాలమైతే మాత్రం కడక్కూడదా?" అంది అమ్మ.

నిజానికి నా మనసులో కూడా ఒక మూల అదే ఉంది. సత్తెమ్మ గారు వచ్చేసరికి ఇల్లు కళకళలాడుతుంటే ఎంత సంతోషిస్తారో అనిపించింది. అభిమానంతోనే చేశాను, అదే నా బాధ.

మర్నాటికి కుంకుడుకాయల బస్తా వచ్చింది. అమ్మ కొంగు బిగించి రసం తీసింది. కొబ్బరి పీచుతో మేమిద్దరం, మ్యూజియంలో పనిచేసే ఆడవాళ్లు, తోమడం మొదలుపెట్టాం. నీళ్లు నల్లగా పారాయి. ఆ నలుపు చూసిన కొద్దీ మాకు ఉత్సాహం పెరిగింది. గడప మీది పసుపు అట్టల్ని అమ్మ అట్లకాడతో గీకింది. తడి ఆరాక చూస్తే మచ్చలు మచ్చలుగా ఉంది. అప్పుడు, చిల్లర పనులకు ఇంకా అక్కడే ఉన్న బ్రహ్మయ్య ముందుకొచ్చాడు. అతను కొత్తగా కరెంటుతో తిరిగే ఉప్పుకాగితం మిషను కొన్నాడు, దాన్ని ఎవరికైనా చూపించాలని అతని చేతులు దురద పెడుతున్నాయి. ఒక్క స్తంభం మీద పెట్టి చూపిస్తానన్నాడు. పెట్టాడు. లోపలి నుంచి బంగారు రంగు టేకు బయటపడింది. అందరం ఆహా అన్నాం. ఒక స్తంభం మెరిస్తే పక్కది నామోషీగా ఉండదూ? అదీ చేశాడు. శుక్రవారానికి ఇల్లంతా అయిపోయింది. పైన రెండు పూతల పాలిష్ కూడా పడింది.

నిజం చెబుతున్నాను, అద్భుతంగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో సోఫా సెట్లు అమ్మే షాపు ముందు నిలబెట్టి ఉంటే సాయంత్రానికి అమ్ముడుపోయేది. నేను ఫొటోలు తీసి సార్‌కు పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు, మెచ్చుకోవడానికే అనుకున్నాను.

"నల్లగా ఉండేది కదమ్మా అది" అన్నారు.

"అవును సార్, మొత్తం వదిలింది" అన్నాను గర్వంగా.

సిగ్నల్ పోయిందేమోనని హలో హలో అన్నాను. సిగ్నల్ బాగానే ఉంది.

"ఆ నలుపే కదమ్మా ఇల్లు" అన్నారు సార్, చాలా మెల్లగా, పెట్టేశారు.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. అలా మెల్లగా అనేసరికి ఫోన్ పక్కన పెట్టి లోపలికి వెళ్లాను. అప్పుడు చూశాను ఇంటిని. పొయ్యి ఎక్కడుండేదో తెలియదు. దీపం ఎక్కడ పెట్టేవారో తెలియదు. మనుషులు తొక్కి తొక్కి అరిగిన గడప అంచు కూడా బ్రహ్మయ్య మిషనుతో చదునైపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బతకనట్టు ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే నేను మనిషిని. ఆగలేదు. మసి పోతే మసి పెట్టొచ్చు కదా అని నా బుర్రకు తోచింది. శనివారమంతా అదే పని. అమ్మ ఆముదం దీపాలు పెట్టి, వాటి మీద ఇత్తడి పళ్లాలు బోర్లించి కాటుక పట్టింది. నేను ఒక గిన్నెడు డికాషన్ కాచి దూలాలకు పూశాను. ఎవరో బూట్ల పాలిష్ తెచ్చారు. కింద నున్నటి మెరుపు ఉండటంతో ఏ రంగూ పట్టలేదు, జారి చారలు కట్టింది. చీమలు డికాషన్‌లో చక్కెర కోసం వచ్చి, లేదని తెలుసుకుని వెళ్లిపోయాయి. బ్రహ్మయ్య దూరంగా నిలబడి చూసి, "మేడం, అప్పగింతలప్పుడు ఏడ్చిన పెండ్లిపిల్ల మొకం లెక్క ఉన్నది" అన్నాడు. మిషను అతనిదే అయినా ఆ మాట అనడానికి అతనికి మొహమాటం లేకపోయింది.

ఆదివారం రానే వచ్చింది. సార్ విమానం దిగి నేరుగా పెట్టెతోనే వచ్చి ఒక మూల నిలబడ్డారు. సత్తెమ్మ గారు పట్టుచీర కట్టుకుని, యాదగిరి చెయ్యి పట్టుకుని, కోడలితో మనవలతో వచ్చారు. వాకిట్లో నిలబడి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంటిని పైనుంచి కిందికి చూశారు. తర్వాత నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అన్నారు.

"మంచిగున్నది బిడ్డా. ఎవలదిది? మాది ఎక్కడ వెట్టిన్రు?"

ఇదేనమ్మా మనది అని యాదగిరే చెప్పాడు. ఆమె నమ్మలేదు. గడప దాటి లోపలికి వెళ్లి, నడిమి స్తంభం దగ్గర ఆగి, తన భుజమెత్తున చెక్క మీద అరచెయ్యి పెట్టి తడిమారు. ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి తడిమారు.

"గీడ నాయిన తల మరక ఉండె" అన్నారు.

రోజూ పొలం నుంచి వచ్చి వాళ్ల నాన్న ఆ స్తంభానికే ఆనుకుని కూర్చునేవాడట. నూనె తల. ఏళ్ల తరబడి ఆ చోటు నల్లగా, నున్నగా అయిందట. ఆయన పోయాక కూడా ఆమెకు దిగులు పుట్టినప్పుడల్లా అక్కడ చెయ్యి పెట్టేవారట. ఆయన ఫొటో లేదు వాళ్లింట్లో. ఉన్నది ఆ మరకే. దాన్ని నేను కుంకుడు రసం పెట్టి, పీచు పెట్టి, మిషను పెట్టి వదిలించాను.

నాకు ఏడుపొచ్చింది. యాదగిరి మొహం ఎర్రబడింది. జేబులోంచి ఫోన్ తీసి లారీ తెమ్మని డ్రైవర్‌కు చెప్పబోయాడు. అతని తప్పేం లేదు, అతనూ ఆ మరక చూస్తూ పెరిగినవాడే. అప్పుడు మా అమ్మ, జీవితంలో ఎవరి ముందూ తగ్గని మా అమ్మ, చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"పిల్లదేం లేదు వదినగారూ. తోమించింది నేను. మీరొస్తున్నారని..." అని ఆగిపోయింది.

సత్తెమ్మ గారు ఆమె వైపు తిరిగారు. "దేంతోని తోమినవ్ వదినె?" అని అడిగారు.

"కుంకుడుకాయలతోనండి."

"మొత్తం ఇల్లా?"

"అటకతో సహా."

సత్తెమ్మ గారి పెదవి ఒక పక్కకు వంగింది. నవ్వో ఏడుపో తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి. "నూరేండ్లకెల్లి దానికి తలంటు పోసినోల్లు లేరు. మీరు పోసిన్రు" అన్నారు. తర్వాత కొడుకును ఫోన్ లోపల పెట్టమన్నారు. కర్ర తీసుకుపోయి దర్వాజాలు చేసినా మరక రాదు కదా అన్నారు. సార్ వైపు తిరిగి, ఇక్కడ పొయ్యి పెట్టుకుంటే మీకేమన్నా పరేషానా అని అడిగారు. ఆవరణలో అడుగడుక్కీ నిప్పు నిషేధం అని బోర్డులు పెట్టించిన మా సార్, ఏమీ పరేషాన్ లేదమ్మా అన్నారు. నీళ్ల బక్కెట్లు మాత్రం తనే దగ్గరుండి నింపించారు.

"మసి ఊకె వూస్తె అంటదు బిడ్డా, వండితె అంటది" అన్నారు సత్తెమ్మ గారు నాతో. "ఐతారం ఐతారం వస్త. నువ్వు, మీ అమ్మ గూడ రావాలె. పోగొట్టినోల్లే వెట్టాలె."

అలా మొదలైంది నా శిక్ష. ప్రతి ఆదివారం సత్తెమ్మ గారు యాదగిరి కారులో కట్టెలతో, జొన్నపిండితో దిగేవారు. పొగకు నేను, అమ్మ పోటీపడి దగ్గేవాళ్లం. అమ్మ రొట్టె కొడితే అది ఏ దేశం పటంలాగా ఉందో మనవలు పందెం వేసుకునేవారు. అమ్మ ఊరుకుంటుందా, గోంగూర పచ్చడి నూరి తెచ్చింది. కారం ఎవరిది ఎక్కువ అన్నదాని మీద వాళ్లిద్దరూ వాదించుకున్న వాదనలకు మ్యూజియం చూడటానికి వచ్చినవాళ్లు మిగతావన్నీ వదిలేసి ఇక్కడ కూర్చునేవారు. వాళ్లకూ ఒక రొట్టె ముక్క దొరికేది. వంటయ్యాక సత్తెమ్మ గారు తలకు నూనె దట్టించుకుని, ఆ నడిమి స్తంభానికి తల ఆనించి, కళ్లు మూసుకుని కూర్చునేవారు. మొదటిసారి చూసి నేను దిండు తెచ్చివ్వబోయాను. మా అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. అంత ఆలస్యంగా అర్థమయ్యే బుర్ర నాది.

కానీ అన్ని ఆదివారాల్లో ఆమె ఒక్కసారి కూడా నా ఇల్లు అనలేదు. వచ్చేవారు, వండేవారు, వెళ్లేటప్పుడు "మీ మ్యూజియం మంచిగున్నది" అనేవారు. యాదగిరి కూడా కర్ర విషయం ఎత్తేవాడు కాదు, వదిలేశానని చెప్పేవాడూ కాదు. ఆ "మీ" అన్న మాట నన్ను గుచ్చుతూనే ఉండేది.

వానలు వెళ్లిపోయాయి. దూలాలు కొద్దికొద్దిగా నల్లబడ్డాయి. స్తంభం మీద అరచేతి వెడల్పున ఒక మసక మొదలైంది. నేనైతే ఆ ఇంట్లో చీపురు కూడా పట్టనివ్వడం మానేశాను. ఎవరి చేతిలోనైనా గుడ్డ కనిపిస్తే దొంగను పట్టినట్టు పట్టుకునేదాన్ని. ఒక ఆదివారం సత్తెమ్మ గారు వాకిట్లో కాసేపు కూర్చుని లోపలికి వస్తూనే అటక అంచు మీద వేలు పెట్టి రాశారు. వేలు ఎత్తి చూసుకున్నారు. మొహం చిట్లించారు.

"ఏందిది బిడ్డా? మా ఇంట్ల గింత దుమ్మా? నలుగురొచ్చే ఇల్లు, ఏమనుకుంటరు? జర గుడ్డ తడిపి తుడువు" అన్నారు.

పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతున్న యాదగిరి చెయ్యి అలాగే ఆగిపోయింది, రొట్టె మాడింది. మా అమ్మ నన్ను చూసింది, నేను అమ్మను చూశాను. సత్తెమ్మ గారికి మాత్రం తానేమన్నారో తెలియదు. దుమ్ము మీదే ఉంది ఆమె ధ్యాసంతా. ఇంకా నిలబడే ఉన్నానని నన్ను మళ్లీ కసిరారు. అంత హాయైన తిట్టు నేను ఇంతవరకూ తినలేదు.

కనుక మీ అందరి ఎదుట, నిండు మనసుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ పాత చెక్క మీద తడిగుడ్డ వెయ్యను. కుంకుడుకాయను నా తలకు తప్ప దేనికీ వాడను. ఉప్పుకాగితం అమ్మే షాపు ఉన్న వీధిలో కూడా నడవను. ఇంటావిడ స్వయంగా కసిరి చెబితే తప్ప. ఆ రోజు చెప్పారు కాబట్టి ఇల్లంతా తుడిచాను, నడిమి స్తంభం ఒక్కటి వదిలేసి.